స్వరములకు రెండేసి పేళ్లేల?

మన కర్నూలు, కడప సీమలలో చెక్కభజనలయందు తాళము తప్పక అడుగువేయు బాలురు పెక్కుమంది కలరు. అట్టివారే సంగీతపాఠమునకు కూర్చుండి "చతుశ్శ్రుతి రిషభము" అను మాట విని బెదరుట మేము చూచియున్నాము. వారి కష్టము చెవిలో లేదు, పేళ్లలో నున్నది.

సరళీవరుసలు మాయామాళవగౌళలో నేర్పుదురు. అందాక చిక్కు లేదు. స్వరస్థానములు 12 అయినను వానికి పేళ్లు 16 అని చెప్పగనే బాలుడు పుస్తకము మూయును. హార్మోనియముపై తెల్లవి, నల్లవి కలిపి, షడ్జమును విడిచి రెండవ మెట్టు నొక్కి చూడుడు. ఖరహరప్రియలో అది చతుశ్శ్రుతి రిషభము. కనకాంగిలో శుద్ధ గాంధారము. ధ్వని యొక్కటే. మేళరాగమున సప్తస్వరములలో నేదియు లోపింపరాదు. కనకాంగిలో మొదటి మెట్టును రిషభము తీసికొన్నది గనుక రెండవది గాంధారము గాక తప్పదు. ఒక్కడే యొకరికి అన్నయు, వేఱొకరికి మేనల్లుడును అగుట బాలు రెఱుగరా? పేళ్లు వల్లె వేయించుటకు ముందే ఆ మెట్టును రెండు రాగములలోను పాడించి చూపుట మేలని మా తలంపు.

భజనకు ఈ లెక్క యేల యందురేమో! తాళ్లపాక అన్నమాచార్యులు (1408–1503) కడప సీమవారే. తిరుమలలో ఆయన సంకీర్తనలు చెక్కిన రాగిరేకులపై రాగము పేరు కలదు, స్వరములు లేవు. నేడు మనము వినునవి పెక్కు ఇటీవలి విద్వాంసులు కూర్చిన వరుసలు.