విమానం నేర్చుకునేవారికి అంతర్జాలంలో అండదండలు

"పెద్దయ్యాక ఏమవుతావు?" అని మన బడిలో వ్యాసం రాయమంటే ప్రతి ఏడాదీ ఒకరిద్దరు పిల్లలైనా పైలట్ అని రాస్తారు. ఈ మధ్య ఆ పిల్లల అమ్మానాన్నలు కూడా అదే కోరిక బయటపెడుతున్నారు. అమెరికాలో చాలా ఊళ్ళకు దగ్గర్లోనే ఒక చిన్న విమానాశ్రయం, అందులో ఒక ఫ్లయింగ్ స్కూలు ఉంటాయి. ఉద్యోగం చేసుకుంటూనే శని, ఆదివారాల్లో విమానం నడపడం నేర్చుకోవచ్చు. మన బడి తల్లిదండ్రుల్లో అలా నేర్చుకున్న, ఇంకా నేర్చుకుంటున్న కొద్దిమందిమి కలిసి రాస్తున్న వ్యాసమిది. మమ్మల్ని అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ఇంటర్నెట్‌లో బోలెడంత ఉంది కదా, అందులో ఏది చూడాలి, ఏది నమ్మాలి?"

అసలైన సమాచారంలో చాలా భాగం ఉచితంగానే దొరుకుతుంది. ఏ పేజీ తెరిచినా రెండు సంగతులు చూసుకుంటే చాలు. ఇది ఎవరు పెట్టారు? ఏ తేదీది? వంటల వెబ్‌సైటులో పొరపాటుంటే ఒక పూట పులుసు పాడవుతుంది, అంతే. పాత పటం పట్టుకుని, పొద్దుటి వాతావరణం చూసుకుని సాయంత్రం గాలిలోకి వెళ్తే పోయేది ప్రాణం. ఫెడరల్ నిబంధన 91.103 ప్రకారం, బయలుదేరే ముందు ఆ ప్రయాణానికి సంబంధించి అందుబాటులో ఉన్న సమాచారమంతా తెలుసుకోవలసిన బాధ్యత పైలట్‌దే. "ఆ వెబ్‌సైటులో అలా ఉంది" అంటే చెల్లదు.

డబ్బు కట్టక ముందే

ఫ్లయింగ్ స్కూలుకు చెక్కు రాసే ముందు మూడు విషయాలు చూసుకోవాలి.

మొదటిది వయసు. ఒంటరిగా విమానం నడపడానికి (దీన్నే సోలో అంటారు) 16 ఏళ్ళు, ప్రైవేట్ పైలట్ సర్టిఫికెట్‌కు 17 ఏళ్ళు నిండాలి. ఇంగ్లీషు చదవడం, రాయడం, మాట్లాడడం, అర్థం చేసుకోవడం రావాలి. కనీసం 40 గంటల శిక్షణ కావాలి. అందులో 20 గంటలు ఇన్‌స్ట్రక్టర్‌తో, 10 గంటలు సోలోగా ఉండాలి. 40 అన్నది కనీసం మాత్రమే, చాలామందికి అంతకన్నా ఎక్కువే పడుతుంది. బడ్జెట్ వేసుకునేటప్పుడు దీన్ని మరిచిపోవద్దు. స్టూడెంట్ పైలట్ సర్టిఫికెట్‌కు ఎఫ్.ఏ.ఏ. వారి "ఐఆక్రా" వెబ్‌సైటులో దరఖాస్తు చేసుకోవాలి.

రెండోది ఆరోగ్యం. సోలోకు ముందు మెడికల్ సర్టిఫికెట్ కావాలి. ఇందుకోసం "మెడ్‌ఎక్స్‌ప్రెస్" వెబ్‌సైటులో ఫారం నింపి, ఎఫ్.ఏ.ఏ. గుర్తించిన డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. మన ఇళ్ళలో బీపీ, షుగర్ మామూలే కదా. అవి ఉన్నంత మాత్రాన దారి మూసుకుపోదు గానీ, కొన్నిటికి అదనపు రిపోర్టులు కావాలి. ఆ డాక్టర్ల కోసం ఎఫ్.ఏ.ఏ. తయారుచేసిన గైడు నెట్‌లో అందరికీ ఉచితం. ఏ జబ్బుకు ఏ కాగితాలు కావాలో, ఏ మందు వేసుకుంటే ఎగరకూడదో అందులో ఉంటుంది. అలర్జీకి మనం తేలిగ్గా వేసుకునే బెనడ్రిల్ సంగతే చూడండి. అది వేసుకున్నాక 60 గంటలు ఆగమంటుంది ఆ గైడు! ముందు అది చదివి, డాక్టరును సలహా అడిగి, ఆ తర్వాతే ఫారం నింపండి. ఒకసారి తిరస్కరణ నమోదైతే తేలికైన ఇతర మార్గాలు కూడా మూసుకుపోతాయి. ఏ జబ్బునూ దాచవద్దు. అబద్ధపు జవాబు నేరం.

మూడోది మనవాళ్ళలో చాలామందికి వర్తించేది. అమెరికా పౌరులు పాస్‌పోర్టు వంటి రుజువు చూపిస్తే సరిపోతుంది. గ్రీన్ కార్డు వారితో సహా పౌరులు కానివారంతా శిక్షణ మొదలుపెట్టక ముందే టి.ఎస్.ఏ. వారి "ఫ్లైట్ ట్రైనింగ్ సెక్యూరిటీ ప్రోగ్రామ్" వెబ్‌సైటులో దరఖాస్తు చేసుకుని అనుమతి పొందాలి. 2024 జూలై నుంచి అమలైన కొత్త నిబంధనల ప్రకారం ఆ అనుమతి ఐదేళ్ళ వరకు చెల్లుతుంది. అంతకుముందు ఒక్కో శిక్షణకు విడివిడిగా తీసుకోవలసి వచ్చేది. కాబట్టి 2024కు ముందు తీసిన వీడియోల్లో ఈ విషయం గురించి విన్నది నమ్మకండి. సరదాకు ఒకసారి ఎక్కించి చూపే డిస్కవరీ ఫ్లైటుకు ఈ అనుమతి అక్కర్లేదు. వీసా మీద ఉన్నవారు శిక్షణ గురించి ఇమ్మిగ్రేషన్ లాయరును కూడా ఒక మాట అడగడం మంచిది.

చదువుకోవడానికి

పుస్తకాలకు వందల డాలర్లు పోయనక్కర్లేదు. ఎఫ్.ఏ.ఏ. వెబ్‌సైటులో "పైలట్స్ హ్యాండ్‌బుక్ ఆఫ్ ఏరోనాటికల్ నాలెడ్జ్", "ఎయిర్‌ప్లేన్ ఫ్లయింగ్ హ్యాండ్‌బుక్", "ఏవియేషన్ వెదర్ హ్యాండ్‌బుక్" మూడూ ఉచితంగా దించుకోవచ్చు. విమానం ఎలా ఎగురుతుందో మొదటిది చెబుతుంది, ఎలా నడపాలో రెండోది, ఎప్పుడు ఎగరకూడదో మూడోది. వీటితో పాటు "ఎయిర్‌మన్ సర్టిఫికేషన్ స్టాండర్డ్స్" అనే పత్రాన్ని మొదటి వారంలోనే దించుకోండి. చివరి పరీక్షలో (చెక్‌రైడ్) పరీక్షకుడు ఏమి అడుగుతాడో, ఏది ఎంత కచ్చితంగా చేయాలో అంతా అందులో ఉంది. ప్రశ్నపత్రం తీరు ముందే చేతికిచ్చినట్టన్నమాట!

నిబంధనల కోసం ప్రభుత్వపు "ఈ-సీ.ఎఫ్.ఆర్." చూడండి. టైటిల్ 14లో పార్ట్ 61 సర్టిఫికెట్ల గురించి, పార్ట్ 91 విమానం నడిపే పద్ధతుల గురించి. ఇది ఎప్పటికప్పుడు సవరించబడుతుంది కాబట్టి అచ్చు పుస్తకం కన్నా నమ్మదగినది. రాతపరీక్షలో 60 ప్రశ్నలు, 70 శాతం వస్తే పాస్. నెట్‌లో దొరికే ప్రశ్నలు బట్టీపట్టి 90 తెచ్చుకున్నవారు కూడా చెక్‌రైడ్‌లో "ఎందుకు?" అని అడిగితే తడబడతారు. ఎక్కాలు అప్పజెప్పడం వేరు, లెక్క చేయడం వేరు.

వాతావరణం

ఇక్కడ మొదటి పేరు "ఏవియేషన్‌వెదర్ డాట్ గవ్". జాతీయ వాతావరణ శాఖకు చెందిన ఏవియేషన్ వెదర్ సెంటర్, కాన్సస్ సిటీ నుంచి దీన్ని నడుపుతోంది. ఇందులో రెండు మాటలు తప్పక నేర్చుకోవాలి. "మెటార్" అంటే ఒక విమానాశ్రయంలో ఇప్పుడున్న పరిస్థితి. మామూలుగా గంటకొకసారి వస్తుంది. "టాఫ్" అంటే ఆ విమానాశ్రయం చుట్టూ 5 మైళ్ళ మేరకు మాత్రమే ఇచ్చే సూచన. దీని గడువు 24 లేదా 30 గంటలు. రెండు విమానాశ్రయాల నడుమ ఏముందో టాఫ్ చెప్పదు. దానికి అదే వెబ్‌సైటులోని "గ్రాఫికల్ ఫోర్‌కాస్ట్స్" పటం చూడాలి.

వీటిలోని సమయమంతా జూలూ సమయం, అంటే గ్రీనిచ్ సమయం. ఇండియాకు ఫోన్ చేసేటప్పుడు వేసుకునే లెక్కలాగే ఇదీ అలవాటవుతుంది. పటం మీది రంగులు కూడా గుర్తుపెట్టుకోండి. ఆకుపచ్చ అయితే మబ్బులు 3,000 అడుగులకు పైన, చూపు 5 మైళ్ళకు పైన. నీలం వస్తే జాగ్రత్త. ఎరుపు, దాని తర్వాతి ముదురు గులాబీ అయితే కొత్త పైలట్లకు ఇంటి దగ్గర కాఫీ తాగే రోజు. స్టూడెంట్ పైలట్ సోలోగా వెళ్ళాలంటే పగలు కనీసం 3 మైళ్ళు, రాత్రి 5 మైళ్ళు కనపడాలి, నేల కనబడుతూ ఉండాలి. ఇన్‌స్ట్రక్టర్ ఇంకా గట్టి హద్దు పెడితే అదే శిరోధార్యం.

దీనిమీద మేము ఎందుకింత నొక్కి చెబుతున్నామంటే, 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం చేశారు. మబ్బులో విమానం నడిపే శిక్షణ లేని 20 మందిని మబ్బులో ఉన్నట్టే బయట ఏమీ కనబడని పరిస్థితిలో పెట్టి చూశారు. 20 మందీ విమానాన్ని అదుపులో ఉంచుకోలేకపోయారు. అదుపు తప్పడానికి పట్టిన సగటు సమయం 178 సెకన్లు. మూడు నిమిషాలు కూడా కాదు.

వాతావరణం చూశాక "1800 డబ్ల్యూఎక్స్ బ్రీఫ్" వెబ్‌సైటులో గానీ, 1-800-992-7433కు ఫోన్ చేసి గానీ పూర్తి బ్రీఫింగ్ తీసుకోవచ్చు, ఫ్లైట్ ప్లాన్ కూడా ఇవ్వవచ్చు. దిగాక ఆ ప్లాన్ మూసేయడం మరవకండి. చేరవలసిన సమయం దాటి అరగంటైనా మూయకపోతే మీ కోసం వెతుకులాట మొదలవుతుంది.

పటాలు, హెచ్చరికలు

సెక్షనల్ చార్టులనే పటాలను ఎఫ్.ఏ.ఏ. ఉచితంగా ఇస్తుంది. "స్కైవెక్టర్" వెబ్‌సైటులో అవే పటాలను దేశమంతా అతికించినట్టు చూడవచ్చు, గీత గీస్తే దూరం, దిశ చెబుతుంది. ఈ పటాలు 56 రోజులకొకసారి మారుతాయి. కిందటిసారి దించుకున్నదే చాలులే అనుకోకూడదు. పటం మీది గుర్తులకు అర్థం "చార్ట్ యూజర్స్ గైడ్"లో దొరుకుతుంది. రన్‌వే పొడవు, రేడియో ఫ్రీక్వెన్సీ వగైరా "చార్ట్ సప్లిమెంట్"లో ఉంటాయి. "ఎయిర్‌నావ్"లో పెట్రోలు ధరలు కూడా ఉంటాయి, అయితే పక్కనే ఆ ధర ఏ తేదీదో కూడా ఉంటుంది. అది పాతదైతే అక్కడికి ఒకసారి ఫోన్ చేసుకోండి.

పటంలో లేని తాత్కాలిక మార్పులను "నోటమ్"లు చెబుతాయి. రన్‌వే మూసేయడం, దీపాలు పనిచేయకపోవడం వంటివన్నమాట. తాత్కాలికంగా ఆకాశాన్ని మూసేస్తే దాన్ని "టి.ఎఫ్.ఆర్." అంటారు. రాష్ట్రపతి మాత్రమే కాదు, ఆట కూడా ఆకాశాన్ని మూసేస్తుంది! 30,000 మందికి పైగా పట్టే స్టేడియంలో మేజర్ లీగ్ బేస్‌బాల్, ఎన్.ఎఫ్.ఎల్. వంటి ఆట ఉంటే గంట ముందు నుంచి గంట తర్వాత వరకు 3 నాటికల్ మైళ్ళ చుట్టుకొలతలో కాదు, అన్ని వైపులా 3 నాటికల్ మైళ్ళ దూరం వరకు, 3,000 అడుగుల ఎత్తు దాకా వెళ్ళకూడదు. కాబట్టి నోటమ్‌లు ముందు రాత్రి ఒకసారి, బయలుదేరే ముందు మరొకసారి చూడాలి.

చెవికి అలవాటు

మనలో చాలామందికి విమానం కన్నా రేడియో అంటేనే భయం. కంట్రోలర్లు గబగబా మాట్లాడతారు. దీనికి మందు "లైవ్‌ఏటీసీ". చాలా విమానాశ్రయాల రేడియో సంభాషణలు ఇందులో వినవచ్చు. మీరు నేర్చుకునే విమానాశ్రయాన్నే రోజూ పది నిమిషాలు వినండి, కాగితం మీద రాసుకోండి. తెలుగులో మనకు "వ" ఒక్కటే, ఇంగ్లీషులో "వి", "డబ్ల్యూ" రెండు. రేడియోలో ఒకటి "విక్టర్", రెండోది "విస్కీ" కనుక పొరపాటుకు తావు లేదు. మన యాసకు సిగ్గుపడనక్కర్లేదు. అర్థం కాకపోతే "సే అగైన్" అనండి, మొదటి పిలుపులోనే "స్టూడెంట్ పైలట్" అని చెప్పండి, వాళ్ళే నెమ్మదిస్తారు. "హోల్డ్ షార్ట్" అంటే మాత్రం రన్‌వే నంబరుతో సహా తిరిగి చెప్పి తీరాలి.

లైసెన్సు వచ్చాక

చదువు అక్కడితో ఆగదు. "ఎఫ్.ఏ.ఏ. సేఫ్టీ డాట్ గవ్"లో ఉచిత పాఠాలున్నాయి. వాటితో పాటు విమానంలో చేయవలసినవి కూడా చేసి "వింగ్స్" దశ పూర్తిచేస్తే, రెండేళ్ళకొకసారి తప్పనిసరైన ఫ్లైట్ రివ్యూ అయినట్టే. ఏ.ఓ.పి.ఏ. వారి ఎయిర్ సేఫ్టీ ఇన్‌స్టిట్యూట్ ప్రమాదాలను విశ్లేషించే వీడియోలు ఇస్తుంది. నాసా 1976 నుంచి నడుపుతున్న "ఏ.ఎస్.ఆర్.ఎస్."కు పైలట్లు తమ అనుభవాలను రాసి పంపుతారు, వాటిలో కొన్ని పేర్లు లేకుండా "కాల్‌బ్యాక్" అనే ఉచిత మాసపత్రికలో వస్తాయి. పరుల అనుభవం మనకు పాఠం.

మరో ముఖ్యమైన మాట. స్నేహితులను గుడికో, బీచికో తీసుకెళ్ళి డబ్బు తీసుకోవచ్చా అని అడుగుతారు. నిబంధన 61.113 ప్రకారం ప్రైవేట్ పైలట్ పెట్రోలు, ఆయిలు, విమానాశ్రయ రుసుము, అద్దె మాత్రమే పంచుకోవచ్చు, అదీ తన వాటా తాను తప్పక పెట్టుకుని. నలుగురు వెళ్తే పైలట్ వాటా నాలుగో వంతుకు తగ్గకూడదు.

పిల్లల కోసం

ఇ.ఏ.ఏ. వారి "యంగ్ ఈగిల్స్" కార్యక్రమం 1992 నుంచి నడుస్తోంది. 8 నుంచి 17 ఏళ్ళ పిల్లలను స్వచ్ఛంద పైలట్లు ఉచితంగా విమానం ఎక్కిస్తారు. ఆ తర్వాత నెట్‌లో ఒక పైలట్ శిక్షణ కోర్సు కూడా ఉచితంగా ఇస్తారు. దగ్గర్లోని శాఖ ఎక్కడుందో ఇ.ఏ.ఏ. వెబ్‌సైటులో వెతకవచ్చు. ఇంట్లో ఆడుకునే ఫ్లైట్ సిమ్యులేటర్ గంటలు లైసెన్సు లెక్కలోకి రావు గానీ, పటం చదవడం నేర్పడానికి బాగా పనికొస్తుంది.

ఇన్ని చెప్పాక ఒక మనవి. ఇవన్నీ గురువుకు సాయమే గాని గురువుకు బదులు కావు. నెట్‌లో చదివినదానికీ ఇన్‌స్ట్రక్టర్ చెప్పినదానికీ తేడా వస్తే ఆ పేజీని ఆయన ముందు పెట్టి అడగండి. మంచి ఇన్‌స్ట్రక్టర్ దాన్ని తప్పుగా తీసుకోరు. అన్నీ చూసుకున్నాక కూడా మనసులో శంక మిగిలితే ఆ రోజు నేల మీదే ఉండిపోండి. ఆకాశం ఎక్కడికీ పోదు, రేపు కూడా ఉంటుంది.

మన బడి పిల్లల్లోంచి, వారి తల్లిదండ్రుల్లోంచి మరింతమంది క్షేమంగా ఎగిరి, క్షేమంగా దిగాలని కోరుకుంటూ, శుభం.