చుక్కా? కామానా?

కంప్యూటరుకు పని చెప్పడానికి ప్రత్యేకమైన భాషలున్నాయి. తొలిరోజుల్లో ఒక యంత్రానికి రాసిన లెక్క మరొక యంత్రానికి పనికివచ్చేది కాదు.

ఈ చిక్కు తీర్చడానికి 1958లో స్విట్జర్లాండులోని జూరిచ్ నగరంలో ఎనిమిదిమంది నిపుణులు కూడారు. నలుగురు అమెరికావారు, నలుగురు ఐరోపావారు. అక్కడ పెద్ద తగవు వచ్చింది. దేనికనుకున్నారు? దశాంశ బిందువుకు! రెండున్నరను అమెరికావారు 2.5 అని రాస్తారు; ఐరోపాలో చాలా దేశాలవారు 2,5 అని రాస్తారు. ఒకాయన బల్ల గుద్ది, చుక్క వాడనంటే వాడనన్నాడు!

చివరకు ఉపాయం దొరికింది. భాష అందరికీ ఒక్కటే. అచ్చులోనూ, యంత్రంలోనూ గుర్తులు మాత్రం ఎవరి వీలునుబట్టి వారివి. అలా రూపొందినదే 'అల్గాల్'. తరువాతి పాస్కల్, సి భాషలు దాని సంతతివే.

చూశారా! నలుగురు కలిసి పనిచేయాలంటే, ఏది ఒకటిగా ఉండాలో, ఏది వేరైనా ఫరవాలేదో ముందు తేల్చుకోవాలి.