మిద్దె మీది మన్ను

కొత్తగా కురిసిన మంచు కప్పు మీద మీటరు ఎత్తున పేరుకుంటే చదరపు మీటరుకు సుమారు 100 కిలోల బరువు పడుతుంది. చలిదేశాల జనం ఆ బరువుకే జంకి పార అందుకుంటారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో అడుగు మందం మన్ను మోస్తున్న పాత మిద్దె మీద అదే చదరపు మీటరుకు 480 కిలోల పైనే ఉంటుంది, అదీ మన్ను ఎండి ఉన్నప్పుడు. మంచు నాలుగు ఎండలు కాస్తే కరిగిపోతుంది. మన్ను అక్కడే ఉంటుంది. పైగా ఏటా వానకాలం ముందు దాని మీద మనమే ఇంకో పొర పోస్తాం.

మట్టి మిద్దెను మొదట ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు కానీ, కట్టినవాళ్లు ఈ నేలను బాగా చదివినవాళ్లు. కృష్ణా తుంగభద్రల మధ్యనున్న నడిగడ్డ తెలంగాణలో వాన తక్కువ పడే చోట్లలో ఒకటి. ఇంత తక్కువ వానకు ఏటవాలు కప్పు అక్కర్లేదు. చదునైన మిద్దె ఉంటే మిరపకాయలు, కందులు ఎండబోసుకోవచ్చు, ఎండకాలం రాత్రి పక్కలేసుకోవచ్చు. గోడల మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలనే గుండ్రటి కర్రలు, వాటి మీద చెక్కలో కంపో పరిచి, పైన మన్ను. మందమైన ఆ మన్ను పగటి వేడిని లోపలికి ఆలస్యంగా పంపుతుంది. అందుకే మే నెల మధ్యాహ్నం రేకుల ఇంట్లో ఉండలేనివాళ్లు కూడా మిద్దె కింద కునుకు తీయగలరు.

అయితే మట్టి కప్పు వాననెట్లా ఆపుతుంది? ఇక్కడే ఈ ఆవిష్కరణలోని అసలు తెలివి ఉంది. మిద్దె మీద చివరి పొరగా పోసేది ఏ మన్నో కాదు, చౌడు. పొలంలో చౌడు తేలితే రైతు తల పట్టుకుంటాడు. పంట రాదు, నీళ్లు దిగవు. ఆ దిగకపోవడమే మిద్దెకు కావాల్సిన గుణం. బంకమట్టి రేణువులు పలచటి రేకుల్లా ఉంటాయి, వాటి మీద రుణావేశం ఉంటుంది. మంచి నేలలో కాల్షియం ఆ రేకులను గట్టిగా పట్టి గడ్డలుగా ఉంచుతుంది, గడ్డల సందుల్లోంచి నీళ్లు ఇంకుతాయి. చౌడు నేలలో కాల్షియం స్థానాన్ని సోడియం ఆక్రమిస్తుంది. దానికి అంత పట్టు లేదు. తడి తగలగానే రేకులు విడిపోయి, సన్నటి పిండిగా మారి, నేలలోని రంధ్రాలను పూడ్చేస్తాయి. మొదటి జల్లుకే పైపొర తనంతట తాను మూసుకుపోతుంది, మిగిలిన వాన జారి తూములోంచి బయటపడుతుంది. చౌడు నేలను బాగు చేయడానికి రైతులు జిప్సం వేసేది కూడా ఈ సోడియాన్ని తోసి కాల్షియాన్ని తిరిగి కూర్చోబెట్టడానికే. పొలానికి రోగమైనది ఇంటికి మందైంది. మన పెద్దలు రసాయన శాస్త్రం చదవకుండానే ఈ సంగతి పట్టుకున్నందుకు నాకు గర్వంగా ఉంటుంది.

కానీ విడిపోయిన రేణువులు కొంత వాన నీళ్లతోనే కొట్టుకుపోతాయి. ఎండకు పొర నెర్రెలిస్తుంది, పిచ్చిమొక్కలు వేర్లు దించుతాయి, ఎలుకలు బొక్కలు చేస్తాయి. అందుకే ఏటా చౌడు తెచ్చి పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొడతారు. పది అడుగులకు పన్నెండడుగుల గది మీద ఒక్క అంగుళం మన్ను పోస్తే నాలుగున్నర క్వింటాళ్ల బరువు పెరుగుతుంది. వాన అందులో సగమే కొట్టుకుపోతే మిగతాది అక్కడే పేరుకుంటుంది. తాతనాటి మిద్దె అడుగు మందానికి చేరితే ఆ ఒక్క గది నెత్తిన 54 క్వింటాళ్లు. ముసురు పట్టి మన్ను నానితే నీళ్ల బరువే ఇంకో ఆరేడు క్వింటాళ్లు.

బరువు పెరుగుతున్న ఆ ఏళ్లలోనే కింద మోసేది సన్నబడుతుంది. గుండ్రటి దంతె బలం దాని మందాన్ని మూడుసార్లు గుణిస్తే వచ్చే లెక్క మీద నడుస్తుంది. నాలుగంగుళాల దంతెను చెదలు చుట్టూ తిని మూడంగుళాలు చేస్తే పోయేది పావు వంతు బలం కాదు, సగానికి పైనే పోతుంది. వంగిన దంతె మీద మిద్దె గుంట పడుతుంది, గుంటలో నీళ్లు నిలుస్తాయి, ఆ నీళ్ల బరువుకు దంతె ఇంకా వంగుతుంది, గుంట ఇంకా లోతవుతుంది. ఇలా ఒకదాన్నొకటి పెంచుకునే కీడు ఒక్క రాత్రి వానలోనే చివరిదాకా పోగలదు.

కప్పు మీది బరువు దించకపోతే ఎక్కడైనా ఇదే ముప్పు. పోలెండులోని కటోవిట్సే దగ్గర 2006 జనవరి 28న పావురాల ప్రదర్శన జరుగుతున్న పెద్ద హాలు కప్పు కూలి 65 మంది చనిపోయారు. కట్టడంలో లోపాలతో పాటు కప్పు మీది మంచు తీయకపోవడం కూడా దానికి కారణమైంది. ఇరాన్‌లోనూ మనలాంటి మట్టి మిద్దెలుండేవి. వాన వెలిశాక రాతి దొర్లుడు బండను మిద్దె మీద లాగి మన్నును మళ్లీ బిగించేవాళ్లు. చలికాలంలో కొందరు చెక్కపారలు భుజాన వేసుకుని మంచు ఎత్తుతామని కేకలేస్తూ వీధుల్లో తిరిగేవాళ్లు. కరిగిన నీళ్లు మన్నులోకి దిగకముందే మిద్దె ఖాళీ కావాలి కదా. బరువు దించడం వాళ్లకు ఏటేటా చేసే పని. మన దగ్గర పోయడమే ఆనవాయితీ అయింది, దించడం కాలేదు. మిద్దె లోపమల్లా ఇదేనని నా నమ్మకం.

2024 జూలైలో నాగర్‌కర్నూల్ దగ్గరి వనపట్లలో మట్టి మిద్దె కూలి తల్లి, ముగ్గురు పిల్లలు చనిపోయారు. 2021 అక్టోబరులో అయిజ మండలం కొత్తపల్లిలో వానకు నానిన గోడ కూలి ఒకే ఇంట్లో ఐదుగురు పోయారు. దేశమంతా తిరిగి ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసిన పాలమూరు కూలీల ఊళ్లివి. తాళం వేసి వలస పోయిన ఇంటి మిద్దె మీద మొక్క పీకే చేయి ఉండదు, పూడిన తూము తీసే చేయి ఉండదు. తిరిగొచ్చినవాళ్లు అదే మిద్దె కింద పక్కలేసుకుంటారు.

ఆ మన్ను దించేదెట్లా? మంచు దేశాల్లో పొడుగాటి కర్రకు అడ్డపలక బిగించి, నేల మీద నిలబడే మంచు లాగేస్తారు. మిద్దె మన్నును అట్లా లాగలేం, పైకెక్కక తప్పదు. అందుకని మొదట చూడాల్సింది కాలం. మన్ను పూర్తిగా ఎండిన ఎండకాలంలోనే ఈ పని. వానలో గానీ, ముసురు వెలిసిన మర్నాడు గానీ ఎక్కకూడదు. ఇంట్లో మనుషులు, పశువులు ఎవరూ ఉండకూడదు. మిద్దెను తాకుతూ పోయే సర్వీసు వైరుంటే లైన్‌మన్‌తో కరెంటు తీయించాలి. దూలం కొద్దిగా వంగితే కింద చెక్క పరిచి గట్టి గుంజ ఊత పెట్టొచ్చు. బాగా వంగితే లోపలికే పోకుండా మేస్త్రీని పిలవాలి.

పైన అడుగు ఎక్కడ వేస్తున్నామన్నది ప్రాణంతో సమానం. "నడిమిట్ల నిలవడకు బిడ్డా, గోడ దిక్కు జరుగు" అని మన్ను పని తెలిసిన పెద్దలు కేకేసేది ఊరికే కాదు. గది నడుమ నిలబడిన మనిషి బరువు దంతెను అన్నిటికన్నా ఎక్కువ వంచుతుంది, గోడ మీద నిలబడితే ఆ బరువు నేరుగా గోడకే దిగుతుంది. గోడ నుంచి గోడకు ఆనేలా బలమైన పలకలు వేసుకుని, పొడుగు కర్ర పారతో నడిమి మన్నును గోడ వైపు లాక్కోవాలి. గడ్డపారతో పొడవొద్దు, ఆ దెబ్బ దంతెకు తగులుతుంది. నాలుగు వేళ్ల మందం గదంతా తీశాకే రెండో పొర ముట్టాలి. ఒక పక్క ఖాళీ చేసి ఇంకో పక్క కుప్ప పోస్తే మిద్దె ఒరిగి, బరువున్న చోట విరుగుతుంది. తీసింది తీసినట్టు గంపలో తాడుతో దించేయాలి. ఇద్దరి కన్నా ఎక్కువ మంది పైన వద్దు. పని నడుమ ఫెళ్లుమన్నా, లోపల మన్ను రాలిన చప్పుడైనా, పార అక్కడే పడేసి దిగిపోవాలి. ఉన్నట్టుండి తలుపు బిగుసుకుపోవడం, దంతెల సందుల్లోంచి మన్ను సన్నగా కారడం కూడా అలాంటి సూచనలే. వాన రాత్రి అవి కనిపిస్తే సామాన్ల కోసం చూడకుండా బయటపడి, బడిలోనో తెలిసినవాళ్ల స్లాబు ఇంట్లోనో తలదాచుకోవాలి.

పాత పొరలు దిగాక, కుళ్లిన దంతెలు మార్చి, తూము వైపు వాలు ఉండేలా కొత్త చౌడు పోసుకోవచ్చు. అయితే ఇకనుంచి ఏ ఏడు ఎంత పోస్తే, ముందు అంత తీసి ఉండాలి. దించిన మన్నును మాత్రం గోడ మొదట్లో కుప్ప పోయొద్దు. అది వాన నీళ్లకు కట్టలా అడ్డుపడి గోడను నానబెడుతుంది. చౌడులోని ఉప్పు తడితో పాటు గోడలోకి ఎక్కి, ఎండినప్పుడు గడ్డకట్టి, అడుగు నుంచి గోడను పొడిపొడిగా రాలుస్తుంది. పొలంలోకీ పనికిరాదు. ఊరి బయట గుంత పూడ్చడానికి బండికెత్తడమే మేలు.