పందికి చిరునామా

మా మనవరాలు పదో తరగతి చదువుతున్న గుంట. మొన్న ఆటోలో చిలకపాలెం నుంచి ఎచ్చెర్ల వస్తూంటే రోడ్డు వార ఆవుల చెవులకి పసుపు బిళ్ళలు కనబడ్డాయట. పక్కన మురుగు కాలవలో పందులున్నాయి, వాటి చెవులు బోడిగా ఉన్నాయి. "ఏటి తాతా, పందికి ఆధార్ ఇవ్వరేటి?" అని నా మీద పడింది.

ఇవ్వకూడదని ఎవరూ అనలేదమ్మా. ఆ బిళ్ళ మీద 12 అంకెల నంబరుంటుంది. 2019 సెప్టెంబరులో మథురలో జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు గాలికుంటు టీకా వేయాల్సిన లెక్కలో 30 కోట్ల ఆవులు, గేదెలు, 20 కోట్ల గొర్రెలు, మేకలతో పాటు కోటి పందులు కూడా ఉన్నాయి. టీకా వేసిన జీవానికి బిళ్ళ తగిలించి, ఆ నంబరు కంప్యూటర్లో ఎక్కించాలి. ఇప్పుడు దానికి భారత్ పశుధన్ అని యాప్ ఉంది. కాగితం మీద పందికీ చోటుంది. చిక్కంతా చెవి దగ్గరే.

ఆవు పదేళ్ళకి పైగా ఇంట్లో ఉంటుంది. దానికో నంబరిచ్చి ఏ టీకా ఎప్పుడు పడింది, ఎన్ని ఈతలు ఈనింది రాసుకుంటే లాభం. మరి పందో? చూడి కాలం 114 రోజులు. మూడు నెలలు, మూడు వారాలు, మూడు రోజులు అని గుర్తుపెట్టుకోండి. ఈతకి ఎనిమిదో పదో పిల్లలు, ఏడాదికి రెండు ఈతలు. మంచి మేత దొరికిన సీమపంది ఆరేడు నెలలకే కాటాకి వచ్చేస్తుంది. దానికి తోడు పందులు ఒకదాని చెవి ఒకటి కొరుక్కుంటాయి, గోడకేసి రుద్దుకుంటాయి. ఇన్ని చెవులకి బిళ్ళలు తగిలించి, ఊడినవి మళ్ళీ తగిలించి, ప్రతి నంబరూ యాప్‌లో ఎక్కించేలోపు ఆ పందులు సంతకెళ్ళిపోతాయి.

అందుకని పందుల పెంపకం పెద్దగా ఉన్న దేశాలు వేరే దారి పట్టాయి. పందికి సొంత నంబరు అక్కర్లేదు, అది ఏ దొడ్డిదో తెలిస్తే చాలన్నాయి. బ్రిటన్‌లో మందకో గుర్తు ఇస్తారు: ఒకటో రెండో అక్షరాలు, ఆ వెనక నాలుగంకెలు. కోతకి పంపే ముందు సూదులున్న సుత్తిని సిరాలో ముంచి రెండు జబ్బల మీదా ఒక్కో దెబ్బ వేస్తారు. పచ్చబొట్టన్నమాట. వేణ్ణీళ్ళలో ముంచి గీకినా అది పోదు. చెవిబిళ్ళ పెట్టదలిస్తే అది కూడా ఆ వేడికి తట్టుకోవాలి. ఏడాది లోపు వయసున్న పందిని ఒక దొడ్డి నుంచి ఇంకో దొడ్డికి మారుస్తుంటే ఒంటి మీద రంగు పూసినా సరిపోతుంది. కానీ ఎన్ని కదిలాయి, ఎక్కణ్ణుంచి ఎక్కడికి, ఏ రోజు అన్నది మాత్రం ప్రభుత్వానికి చెప్పితీరాలి. కొత్త పంది వచ్చాక 20 రోజుల దాకా ఆ దొడ్డిలోంచి మిగతా పందులు కోతకి తప్ప బయటికి కదలకూడదు. ముద్దుకి ఒక్క పందిని పెంచుకున్నా పేరు నమోదు చేయించుకోవాలి. దాన్ని షికారు తీసుకెళ్ళాలంటే లైసెన్సు కూడా కావాలి, ఏ దారిన తీసుకెళ్తారో ముందే చెప్పి! ఈ మాట వినగానే మా గుంట పకపకా నవ్వింది.

నవ్వు సరే, 20 రోజులే ఎందుకు? 2001 ఫిబ్రవరి 19న బ్రిటన్‌లోని ఎసెక్స్‌లో ఒక కబేళాలో డాక్టరు పందుల్లో బొబ్బలు చూశాడు. మర్నాడు గాలికుంటని తేలింది. ఆ పందులు ఎక్కడివా అని వెనక్కి తవ్వుకుంటూ పోతే, దేశం ఉత్తరాన హెడ్డన్ అనే ఊళ్ళో ఒక పందుల దొడ్డి దగ్గర తేలారు. ఇంచుమించు ఎచ్చెర్లకీ విజయవాడకీ ఉన్నంత దూరం. అక్కడ సరిగా కాచని కుడితి పెట్టేవారు. పందుల నోళ్ళలో పుళ్ళు అప్పటికే పాతబడిపోయాయి. అంటే జబ్బు చాలా రోజుల కిందటే వచ్చింది. ఈలోగా గాలిలో పక్క దొడ్ల గొర్రెలకి సోకి, ఆ గొర్రెలు సంతలకెళ్ళి దేశమంతా చెదిరిపోయాయి. చివరికి 60 లక్షలకి పైగా పశువుల్ని చంపారు. జబ్బు కంటికి కనబడే రోజు దాని మొదటి రోజు కాదు కదా. అందుకే పందుల కదలికలు రాసిన రిజిస్టర్ని ఎప్పుడూ వెనక్కే చదువుతారు. పచ్చబొట్టు ఎక్కడికి వెళ్ళి వెతకాలో చెబుతుంది, తేదీ ఎంత వెనక్కి వెళ్ళాలో చెబుతుంది. ఒంట్లో దాగిన జబ్బు బయటపడడానికి ఎన్నాళ్ళు పడుతుందో చూసుకునే ఆ 20 రోజులు పెట్టారు.

ఆ పద్ధతి ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చేద్దామా? మన ఊరపంది నల్లనిది. నల్ల తోలు మీద నల్ల సిరా ఏం కనబడుతుంది! పైగా మన వైపు వెంట్రుకలు మంటలో కాలుస్తారు, ప్లాస్టిక్ బిళ్ళయితే కరిగి ఊరుకుంటుంది.

నల్ల పందికి పనికొచ్చే పాత ఉపాయం ఒకటుంది, చెవి గాట్లు. పుట్టిన మొదటి రోజుల్లోనే చెవి అంచున చిన్న చిన్న గాట్లు పెడతారు. కుడి చెవి ఈత నంబరు, ఎడమ చెవి ఆ ఈతలో ఎన్నో పిల్ల. కుడి చెవి కింది అంచున కొస దగ్గర గాటు విలువ 1, తల దగ్గర 3. పై అంచున కొస దగ్గర 9, తల దగ్గర 27. ఒక్కో చోట రెండు గాట్ల దాకా పెట్టొచ్చు. తక్కెడలో రాళ్ళు వేసినట్టు కూడుకుంటూ పోవడమే. 47 కావాలా? 27 చోట ఒకటి, 9 చోట రెండు, 1 చోట రెండు. చెవి కొసన ఒకే ఒక్క గాటు, దాని విలువ 81. అన్నీ కలిపితే 161 దాకా వస్తుంది. ఒక్కో చోట సున్నా, ఒకటి, రెండు, అంతకి మించి లేదు. కంప్యూటరు రెండంకెలతో లెక్క పెడితే పంది చెవి మూడంకెలతో పెడుతుంది.

జాతి మెరుగుపరిచే చోట ఒక్కో పందినీ ఇలా విడిగా గుర్తుపట్టక తప్పదు. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం వారు ముప్పాతిక సీమ రక్తం, పాతిక నాటు రక్తం ఉన్న ఎస్వీవీయూ టీ-17 రకం తయారుచేశారు. తల్లెవరో తండ్రెవరో తెలీకుండా ఆ పని ఎలాగవుతుంది?

మరి కాలవలో తిరిగే పంది సంగతేటి అంటే, దానికి గాటున్నా బిళ్ళున్నా దొడ్డి లేదు. ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయం ఉంది, ట్రిపుల్ ఐటీ ఉంది, హైవే వార హోటళ్ళున్నాయి. ఇంతమంది భోంచేసే చోట మిగులన్నానికి కొదవుండదు, అన్నం ఎటుంటే పంది అటు పోతుంది. నన్నడిగితే చెవి సంగతి తర్వాత, ముందు యజమాని పేరు రాయమంటాను. రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకుడి దగ్గర ఒక పుస్తకం చాలు: పందులెవరివి, రాత్రి ఎక్కడ పడుకుంటాయి, ఎన్ని, ఎప్పుడు కొన్నారు, ఎప్పుడు అమ్మారు.

పెంచేవాళ్ళు ఎక్కువగా ఎరుకలవాళ్ళు, ఇతర పేద కులాలవాళ్ళు. పేరు రాయించుకుంటే మునిసిపాలిటీ వాళ్ళొచ్చి పట్టుకుపోతారని వాళ్ళ భయం, అందులో తప్పేం లేదు. కానీ 2020లో అస్సాం, అరుణాచల్‌లలో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ దిగింది. మనుషులకి రాదు గానీ పందికొస్తే మందు లేదు. లక్షణాలు కనబడడానికి 4 నుంచి 19 రోజులు పడుతుంది. జబ్బు తేలిన చోటి చుట్టూ కిలోమీటరు లోపు పందులన్నిటినీ చంపాలని కేంద్రం ప్రణాళిక. వాటికి పరిహారం కేంద్రం సగం, రాష్ట్రం సగం ఇస్తాయి. ఆ రోజున నాకు పన్నెండు పందులుండేవని చెబితే చాలదు, ఎక్కడో రాసుండాలి.

"అయితే ఆ పుస్తకంలో అన్నిటికన్నా ముఖ్యమైన గడి ఏది తాతా?" అంది మా గుంట. కొన్న తేదీ గడి. చాలామంది దాన్నే ఖాళీగా వదిలేస్తారు.