ఉక్కు గోడల మధ్య మనిషి: అపోహలు – వాస్తవాలు

1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ తర్వాత నక్సలైట్ల మందుపాతరల కాలం వచ్చాక పోలీసులకు మైన్‌ప్రూఫ్ బండ్లు అవసరమయ్యాయి. ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ వాటితో పాటు సైన్యానికి సారథ్ అనే ఉక్కు కవచపు పోరాట వాహనాలనూ తయారుచేసింది. అదే ప్రాంతంలోని కోరుట్లలో ఫౌజు కోసం పరుగు ప్రాక్టీసు చేసే పిల్లలు ఆ ఉక్కు బండ్లలోకి వెళ్లేముందు కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

‘మైన్‌ప్రూఫ్ బండిలో ఉంటే ఏమీ కాదు’

ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం. వి ఆకారంలో ఉండే అడుగుభాగం పేలుడు తాకిడిని పక్కలకు మళ్లిస్తుంది, నిజమే. కానీ పేలుడు మందు ఎక్కువైతే బండే గాల్లోకి లేస్తుంది. 2005లో ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ ప్రాంతంలో అలాంటి బండిలోనే ఇరవై మందికి పైగా చనిపోయారు. బండి పగలకపోయినా దాని నేల ఒక్కసారిగా పైకి తన్నుతుంది. మడమలు, పిక్క ఎముకలు, నడుం పూసలు దెబ్బతింటాయి. బెల్టు పెట్టుకోనివాడి తల పైకప్పుకు కొట్టుకుంటుంది. నెత్తురు కారకపోయినా మెదడు అదిరి ఉండొచ్చు. ఆ తర్వాత తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, మతిమరుపు, అయినదానికీ కానిదానికీ కోపం. ఇంట్లోవాళ్లు ‘మనిషి మారిపోయిండు’ అంటారు. అది గాయం. చికిత్స కావాలి.

‘వాంతి చేసుకునేవాడు పిరికివాడు’

లోపలి చెవి బండి కదలికను పసిగడుతుంది, కళ్లకేమో కదలని ఇనుప గోడ కనిపిస్తుంది. ఆ పొంతన కుదరకే కడుపులో తిప్పుతుంది. దారి చూస్తూ నడిపే డ్రైవరుకు ఈ బాధ తక్కువ.

‘ఎండ మనకు అలవాటే’

సారథ్‌లో ముగ్గురు సిబ్బంది, ఏడుగురు సైనికులు. డ్రైవరు పక్కనే ఇంజన్. మే ఎండలో మూతలు బిగిస్తే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. మూత్రానికి దిగే వీలుండదని నీళ్లు మానేస్తే వడదెబ్బ ఇంకా తొందరగా తగులుతుంది. స్పృహ తప్పేలోపే ఆలోచన మందగిస్తుంది, మాట తడబడుతుంది. పక్కవాడు కనిపెట్టాల్సింది దాన్నే.

‘చప్పుడుకు చెవులు అలవాటుపడతాయి’

అలవాటుపడవు, చెడిపోతాయి. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మధ్య బతుకు గడిపినవాళ్లను అడగండి. చచ్చిన వినికిడి కణాలు మళ్లీ పుట్టవు.

‘గుండె గట్టిదైతే భయముండదు’

వెనక కూర్చున్నవాడికి బయట ఏం జరుగుతోందో సరిగా కనిపించదు, బండి తన చేతిలో ఉండదు. గుండెదడ అక్కడే మొదలవుతుంది. కమాండర్ ఇంటర్‌కమ్‌లో ఎప్పటికప్పుడు సంగతి చెబుతుంటే అది తగ్గుతుంది. డ్యూటీ దిగి నెల దాటినా పీడకలలు, ఉలికిపాట్లు వదలకపోతే మందు సీసాను ఆశ్రయించొద్దు. డాక్టరును కలవాలి, లేదా టెలీ మానస్ 14416కు ఫోన్ చేయాలి. అక్కడ తెలుగులోనే మాట్లాడొచ్చు.