స్టీరింగ్ కోణం పెంచితే ఏమవుతుంది? డ్రిఫ్టింగ్ కార్ల వెనుక ఉన్న లెక్క

కారు ఒకటి మలుపులో అడ్డంగా జారుతూ, వెనుక టైర్ల నుండి పొగ చిమ్ముతూ, అయినా దారి తప్పకుండా సాగిపోయే దృశ్యాన్ని సెల్‌ఫోన్ తెరపై చూడని యువకుడు నేడు మన బగ్దల్ పరిసరాల్లో గాని, సరిహద్దుకు ఆవల జహీరాబాద్ వైపు గాని అరుదు. ఈ విద్యను డ్రిఫ్టింగ్ అంటారు. ఆ కార్లకు స్టీరింగ్ కోణం పెంచుతారట, మన కారుకు కూడా లేత్ షాపులో ఆ పని చేయించవచ్చునా అనే ప్రశ్న ఉన్నత పాఠశాల పిల్లల నోట సైతం వినిపిస్తున్నది. ప్రశ్న మంచిదే. దాని సమాధానం సగం గణితంలోను, సగం ఇనుప పనిలోను ఉన్నది. అదే కారులో మరునాడు ఇంటిల్లిపాది బీదర్ ఆసుపత్రికో, పెళ్ళికో బయలుదేరవలసి ఉంటుంది గనుక తల్లిదండ్రులు కూడా ఈ విషయం తెలిసికొనుట అవసరం.

ముందుగా కోణం అనగానేమో చూద్దాం. స్టీరింగును చివరి వరకు తిప్పినప్పుడు ముందు చక్రం తిన్నని దిశ నుండి ఎన్ని డిగ్రీలు పక్కకు తిరుగుతుందో అదే స్టీరింగ్ కోణం. మన డ్రైవర్లు దీనినే ‘కటింగ్’ అంటారు. ‘ఈ బండికి కటింగ్ తక్కువ’ అన్నారంటే అది ఇరుకు సందులో ఒక్క ఊపున తిరగదని అర్థం. సాధారణ కార్లలో ఈ కోణం ఇంచుమించు 30 నుండి 40 డిగ్రీల వరకు ఉంటుంది. పోటీలకు తయారు చేసిన డ్రిఫ్టింగ్ కార్లలో 60 డిగ్రీలు దాటుతుంది.

మన ఎడ్ల బండికి ఈ చిక్కు లేదు. దానికున్నవి రెండే చక్రాలు, అవి ఇరుసు మీద దేనికది తిరుగుతాయి. ఎద్దులు పక్కకు నడిస్తే ఒక చక్రం దాదాపు నిలిచినచోటనే ఉండి, రెండవది చుట్టు తిరిగి వస్తుంది. నాలుగు చక్రాల దేవుని రథం సంగతి వేరు. దాని ఇరుసులు కదలవు. అందుచేతనే వీధి మూల వద్ద చక్రాల కింద కొయ్య దిమ్మెలు వేసి, ఎందరో కలిసి దానిని మళ్ళించవలసి వస్తుంది. ఐరోపాలో గుర్రపు బండ్లకు ముందు ఇరుసు మొత్తాన్ని తిప్పే ఏర్పాటు ఉండేది. పదునైన మలుపులో బండి నిలకడ తగ్గి ఒరిగిపోయేది. జర్మనీలోని మ్యూనిక్ నగరానికి చెందిన లాంకెన్‌స్పెర్గర్ అనే బండ్ల తయారీదారు ఇరుసును కదలనీయక చక్రాలను మాత్రమే తిప్పే పద్ధతి కనిపెట్టగా, లండన్‌లో స్థిరపడిన అకర్‌మన్ అనే పుస్తక ప్రచురణకర్త 1818లో దానికి పేటెంటు పొందాడు. పేరు మాత్రం ప్రచురణకర్తకే దక్కింది. నేటికీ ఇంజనీర్లు దానిని అకర్‌మన్ పద్ధతి అనే వ్యవహరిస్తారు. మలుపు లోపలి వైపున ఉన్న చక్రం చిన్న వృత్తంలోను, వెలుపలి చక్రం పెద్ద వృత్తంలోను పోతుంది గనుక లోపలి చక్రం కొంచెం ఎక్కువ తిరగాలన్నది అందులోని సారం.

ఇక లెక్క. పదవ తరగతి త్రికోణమితి తెలిసినవారెవరైనా చేయవచ్చు. ముందు చక్రానికి, వెనుక చక్రానికి మధ్య దూరాన్ని స్టీరింగ్ కోణపు సైన్ విలువతో భాగిస్తే కారు తిరిగే వృత్తపు వ్యాసార్ధం ఇంచుమించుగా వస్తుంది. ఆ దూరం 2.4 మీటర్లు, కోణం 30 డిగ్రీలు అనుకుందాం. వ్యాసార్ధం 4.8 మీటర్లు. కోణాన్ని 60 డిగ్రీలు చేస్తే అది 2.8 మీటర్లకు దిగుతుంది. ఇది చూసి, కోణం పెరిగితే కారు మలుపులో బ్రహ్మాండంగా తిరుగుతుందని పిల్లలు సంబరపడతారు. అక్కడే పొరపాటు జరుగుతున్నది.

కారును మలుపులో పట్టి ఉంచేది స్టీరింగు కాదు, టైరుకు రోడ్డుకు మధ్యనున్న పట్టు. పొడిగా ఉన్న తారు రోడ్డు మీద మంచి టైర్లతో సుమారు 4.8 మీటర్ల వృత్తంలో గంటకు 22 కిలోమీటర్ల వేగం వరకే ఆ పట్టు నిలుస్తుంది. అంతకు మించితే టైరు జారుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో అదే పట్టు అనుమతించే అతి చిన్న వృత్తపు వ్యాసార్ధం దాదాపు 35 మీటర్లు. అంతటి మలుపు తిరగడానికి చక్రం 4 డిగ్రీలు పక్కకు తిరిగితే చాలు! అనగా కంపెనీవారు ఇచ్చిన 30, 40 డిగ్రీలనే మనం వేగంలో ఎన్నడూ వాడుకోము. అవి ఇంటి ముంగిట బండిని వెనుకకు మళ్ళించడానికి, సంత వీధిలో నిలుపుకొనడానికి ఉద్దేశించినవి. రోడ్డు మీద వేగంగా మలుపు తిరగడానికి కోణం పెంచుట నిష్ప్రయోజనం.

మరి డ్రిఫ్టింగ్ చేసేవారు ఎందుకు పెంచుతున్నారు? వారు తిరగడానికి పెంచడం లేదు. తిరిగిపోతున్న కారును ఆపడానికి పెంచుతున్నారు. ఈ ఒక్క మాట అర్థమైతే మిగిలినదంతా అర్థమైనట్లే. డ్రిఫ్టింగ్‌లో వెనుక చక్రాలను కావాలని పట్టు తప్పిస్తారు. కారు తోక వెలుపలికి జారుతుంది. కారు ముఖం మలుపు లోపలికి చూస్తుంటుంది, కాని కారు పోయే దిశ వేరు. ఆ సమయంలో ముందు చక్రాలను కారు నిజంగా పోతున్న దిశకు, అనగా మలుపునకు వ్యతిరేకంగా తిప్పి ఉంచాలి. కారు 35 డిగ్రీలు అడ్డం తిరిగితే చక్రాలు కూడా దాదాపు అంతే ఎదురు తిరగాలి. కారు 50 డిగ్రీలు అడ్డం తిరిగి, స్టీరింగు 35 వద్దనే ఆగిపోతే ఇక తిరుగుముఖం లేదు. కారు బొంగరంలా చుట్టు తిరిగిపోతుంది. (మలుపును కన్నడంలో తిరువు అంటారు, మన తిరుగు అనే మాటకు అది తోబుట్టువే. ఇక్కడ రెండు భాషల పిల్లలకూ నేను చెప్పేది ఒకటే: తిరువు కోసం కాదు, తిరుగుముఖం కోసం ఈ కోణం.)

జపాన్‌లో 1970 దశకంలో కునిమిత్సు తకహాషి అనే రేసు డ్రైవరు ఈ విధంగా జార్చి నడిపే పద్ధతికి పేరు తెచ్చాడు. అతనిని చూసి నేర్చిన కెయిచి సుచియా కొండదారుల్లో సాధన చేసి దీనిని లోకానికి పరిచయం చేశాడు. అమెరికాలో ఫార్ములా డ్రిఫ్ట్ పోటీలు 2004లో మొదలయ్యాయి. ఈ పోటీలలో ఎవరు ముందు చేరారన్నది ముఖ్యం కాదు. కారు ఎంత కోణంలో, ఏ గీత వెంబడి, ఎంత నిబ్బరంగా జారిందో చూసి న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తారు. కోణానికి మార్కులు ఉన్నందుననే స్టీరింగుకు ఇంత గిరాకీ. జారని పోటీలలో సైతం ఒకచోట కోణం కావలసి వస్తుంది. మొనాకో వీధుల్లో జరిగే ఫార్ములా వన్ పందెంలో ఒక మలుపు ఎంత ఇరుకంటే, దానిని దాటడానికే జట్లు ముందు చక్రాలకు అదనపు కోణం కల్పిస్తాయి.

ఇప్పుడు ఇనుప పని. స్టీరింగును తిప్పితే అడుగున ఉన్న ర్యాక్ అనే పళ్ళ కడ్డీ కుడి ఎడమలకు జరుగుతుంది. దాని చివర ఉన్న టై రాడ్, చక్రాన్ని మోసే నకిల్ అనే భాగపు చేతిని నెడుతుంది. కోణం పెంచడానికి ర్యాక్ మరికొంత జరిగేటట్లు చేయవచ్చు, లేదా నకిల్ చేతిని పొట్టి చేయవచ్చు. తలుపు బందుకు దగ్గరగా పట్టుకొని తోస్తే కొద్ది కదలికకే తలుపు చాలా తెరుచుకుంటుంది కదా, ఇదీ అటువంటిదే. అయితే బందు దగ్గర తోయడానికి బలం కూడా ఎక్కువ కావాలి. స్టీరింగు బరువెక్కుతుంది, ర్యాకు మీద ఒత్తిడి పెరుగుతుంది.

ఇక్కడితో ఆగదు. ఎక్కువ తిరిగిన టైరు లోపలి రేకుకు, కింది చేతికి రాసుకుంటుంది. దాని కోసం కింది చేతులను పొడవు చేసి చక్రాలను వెలుపలికి జరపాలి. బ్రేకు నూనె గొట్టం చాలక సాగుతుంది. అది తెగితే ఆ చక్రానికి బ్రేకు లేనట్లే. అన్నిటికన్న భయంకరమైనది మరొకటి ఉన్నది. కోణం హద్దు మీరినప్పుడు టై రాడ్, నకిల్ చేయి రెండూ ఒకే గీతలోకి వచ్చి చక్రం అక్కడే బిగుసుకుపోతుంది. స్టీరింగును వెనుకకు తిప్పినా చక్రం రాదు. పోటీ కార్లకు భాగాలు తయారు చేసేవారు ఈ జాగాలన్నీ లెక్కగట్టి కొత్త నకిళ్ళను తయారు చేస్తారు. అకర్‌మన్ తేడాను కూడా తగ్గించి రెండు చక్రాలు దాదాపు సమానంగా తిరిగేటట్లు చూస్తారు. పాత నకిల్‌ను కోసి వెల్డింగ్ పెట్టడం ఆ లెక్కలోనిది కాదు. ఆ ఇనుము కారు ముందు బరువునంతా మోస్తుంది. పనివాడు ఎంత నేర్పరి అయినా, అతుకు లోపల దాగిన పగులు కంటికి కనిపించదు.

పైగా మన గ్రామాల్లో ఉన్న ఆల్టో, స్విఫ్ట్, వ్యాగన్ ఆర్, ఐ10 కార్లలో ఇంజన్ బలం ముందు చక్రాలకే పోతుంది. హ్యాండ్ బ్రేకు లాగితే వాటి తోక ఒక్క క్షణం జారుతుందే గాని, ఆ జారుడును నిలిపి ఉంచడం సాధ్యం కాదు. ముందు చక్రాలకు బలం చేర్చే కీలు కూడా సుమారు 45, 50 డిగ్రీలకు మించి వంగదు. బలవంతం చేస్తే విరుగుతుంది. వెనుక చక్రాలతో నడిచేవి ఈకో, బొలెరో, పాత ఒమ్ని వంటివి. అవి ఎత్తయిన బండ్లు. అడ్డం తిరిగితే జారడానికి బదులు పల్టీ కొట్టే ప్రమాదమే ఎక్కువ.

నిజానికి ఎక్కువ కోణాన్ని సక్రమంగా వాడుకునే యంత్రం మన పొలంలోనే ఉన్నది. ట్రాక్టరు ముందు చక్రాల చుట్టు రాసుకొనే రేకులు లేవు. చాలు చివర గెట్టు దగ్గర డ్రైవరు ఫుల్ కటింగ్ కొట్టి, తిరిగే వైపు బ్రేకు ఒక్కటే తొక్కుతాడు. ఆ వెనుక చక్రం నిలిచిపోయి ట్రాక్టరు దాని చుట్టు తిరుగుతుంది. అందుకే దానికి కుడి ఎడమలకు వేరువేరు బ్రేకు పెడళ్ళు. రోడ్డెక్కేటప్పుడు మాత్రం ఆ రెండింటినీ కొండితో కలిపి తీరాలి. చెరకు లోడుతో వస్తూ ఒక పెడలే తొక్కితే ట్రాక్టరు ఒక పక్కకు లాగి ట్రాలీతో సహా బోల్తా పడుతుంది. యువకుల డ్రిఫ్టింగ్ గురించి ఆందోళన చెందే పెద్దలు ఈ కొండి సంగతి కూడా ఒకసారి చూసుకొనుట మంచిది.

చట్టం విషయం క్లుప్తంగా. బండి కేఏ 38 అయినా టీజీ 15 అయినా మోటారు వాహనాల చట్టం ఒక్కటే. తయారీదారు ఇచ్చిన ప్రమాణాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే సంవత్సరపు సవరణ ప్రకారం, అనుమతి లేని ప్రతి మార్పుకు యజమానికి 6 నెలల వరకు జైలు గాని, 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. 18 ఏళ్ళు నిండని పిల్లవాడు బండి నడిపి నేరం చేస్తే తండ్రికో, బండి యజమానికో 3 సంవత్సరాల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దు. హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరాన ఫార్ములా ఈ పందెం జరిగినప్పుడు సైతం రోడ్లు మూసి, ఇరువైపుల గోడలు కట్టి, వైద్యులను నిలిపి మరీ జరిపారు.

మన కుటుంబాలకు అసలు ప్రమాదం మరొక దారిన రావచ్చు. పట్నంలో ఎవరో సరదాకు మార్పు చేయించి, మోజు తీరాక అమ్మిన కారు సెకండ్ హ్యాండుగా మన ఊరికి చేరవచ్చు. కొనే ముందు కారును జాకీ మీద ఎత్తించి ముందు చక్రాల లోపలి వైపు చూడండి. నకిల్ మీద వెల్డింగ్ గీత గాని, కొత్త రంగు పూసిన మచ్చ గాని కనిపిస్తే ఆ బేరం వద్దు. టైరు లోపలి అంచు అరిగి ఉన్నా, మడ్గార్డ్ లోపల రాపిడి గుర్తులున్నా అనుమానించాలి. తరువాత ఖాళీ మైదానంలో నడక వేగంతో స్టీరింగును పూర్తిగా కుడికి, మరల ఎడమకు తిప్పి ఒక్కొక్క చుట్టు తిప్పించండి. రెండు వృత్తాలు ఇంచుమించు సమానంగా ఉండాలి, టకటక శబ్దం రాకూడదు. చుట్టు మధ్యలో చేతులు కొంచెం వదులు చేస్తే స్టీరింగు తనంతట తాను మధ్యకు రావడానికి ప్రయత్నించాలి. అది రాక అక్కడే నిలిచిపోతే, తాళం చెవి అమ్మేవాని చేతికే తిరిగి ఇచ్చి రండి.