కడుపుకూ ఒక వేళ ఉంది

పిల్లలూ! ఈ సంగతి పైకి చెప్పుకోవడానికి అందరూ సిగ్గుపడతారు. కాని దాచుకుంటే బాధ పెరుగుతుందే గాని తగ్గదు. అందుకే చెబుతున్నాను, వినండి.

నేను ప్రధానోపాధ్యాయుడుగా ఉన్న రోజుల్లో ఒక తండ్రి తన కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు.

"మాస్టారూ, వీడికి పదేళ్ళు నిండాయి. రాత్రిళ్ళు నిద్రలో లాగు పాడుచేసుకుంటున్నాడు. తిట్టాను, కొట్టాను. సంక్రాంతికి అమ్మమ్మగారి ఊరు వెళదామంటే రానని ఏడుస్తున్నాడు. మీరైనా కాస్త భయం చెప్పండి" అన్నాడు.

నేను ఆయనను బయట కూర్చోమని, కుర్రవాణ్ణి దగ్గరకు పిలిచి మెల్లగా అడిగాను.

"పొద్దున దొడ్డికి వెళ్ళడానికి తీరిక ఉండదండీ. బళ్ళో దొడ్డి తలుపుకు గడియ లేదు. అందుకని బిగబట్టుకుంటానండీ" అన్నాడు వాడు.

ఆ గడియ పెట్టించవలసినవాణ్ణి నేనే! ఇక వాడికేం భయం చెప్పను?

వైద్యుడి దగ్గరకు పంపితే ఆయన అసలు సంగతి విడమరచి చెప్పాడు. పెద్దపేగు మలంలోని నీటిని పీల్చుకుంటూ ఉంటుంది. ఎంతసేపు బిగబడితే మలం అంత గట్టిపడుతుంది. గట్టిపడితే నొప్పి; ఆ నొప్పికి భయపడి మళ్ళీ బిగబట్టడం! ఇలా పేరుకున్న ముద్దవల్ల పేగు చివరి భాగం సాగిపోయి, "వెళ్ళాలి" అనే కబురు సరిగా అందదు. వెనకనుంచి వచ్చే పల్చని మలం ముద్ద పక్కగా జారి, పిల్లవాడికి తెలియకుండానే బయటపడుతుంది. పగలైనా కావచ్చు, నిద్రలోనైనా కావచ్చు. చూసినవారు విరేచనాలనుకుంటారు. నిజానికది మలబద్ధకం!

మరి ఉపాయమేమిటి? మనం నిద్రపోతే పెద్దపేగు కూడా చాలావరకు విశ్రాంతి తీసుకుంటుంది. మనం లేచాక, ఏదైనా తిన్నాక చురుకుగా కదులుతుంది. కనుక పొద్దున ఫలహారమయ్యాక, రాత్రి భోజనమయ్యాక, ఐదు పది నిమిషాలు తొందరపడకుండా దొడ్డిలో కూర్చోవాలి. కమోడ్ అయితే కాళ్ళకింద చిన్న పీట వేసుకోవాలి. నీళ్ళు బాగా తాగాలి. ఆకుకూరలు, చిక్కుడుకాయలు, జామపండ్లు తినాలి.

పెద్దలకొక మాట. పేరుకున్నది వెళ్ళిపోవడానికి, మలం మెత్తబడడానికి వైద్యుడు మందిస్తాడు. సాగిన పేగు మామూలు కావడానికి నెలలు పడుతుంది. కాస్త నయం కాగానే మీ అంతట మీరు మందు మానిపించకండి. మలంలో నెత్తురు, వాంతులు, బరువు తగ్గడం, నిద్రలోనుంచి లేపే విరేచనాలు కనిపిస్తే మాత్రం వెంటనే వైద్యుడికి చూపాలి. కొట్టడం దేనికీ మందు కాదు.

మర్నాడే బళ్ళో దొడ్డి తలుపులన్నిటికీ గడియలు పెట్టించాను. మరుసటి సంక్రాంతికి ఆ కుర్రవాడు అమ్మమ్మగారింట పిల్లలందరి మధ్యా పడుకుని హాయిగా నిద్రపోయాడట!

మీ స్నేహితుడెవరైనా ఇలాంటి బాధ చెప్పుకుంటే నవ్వకండి. ఇంట్లో పెద్దలకు చెప్పమని ధైర్యం చెప్పండి.